వేట యాప్‌లు, డల్లాస్ బావమరిది, మీ ఎయిర్ గన్: కొంచెం పొడుగు జవాబు

మీరు ఒకే ప్రశ్న అడిగినట్టున్నారు గానీ అందులో రెండున్నాయి. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మీ బావమరిది యూట్యూబ్ చూసి, ఆన్‌లైన్ కోర్సు చేసి, ఇంట్లో కూర్చునే వేట లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇంత సులువైపోయాక అమెరికాలో వేటకు వెళ్లేవాళ్లు బాగా పెరిగి ఉండాలి కదా అన్నది మొదటిది. సంక్రాంతికి హైదరాబాద్ వచ్చినప్పుడు మీ ఎయిర్ గన్ పట్టుకుని వికారాబాద్ వైపు వెళ్లి "ఊరికే రెండు కౌజు పిట్టలు కొట్టొద్దాం" అంటున్నాడు, ఫర్వాలేదా అన్నది రెండోది.

రెండోదానికి జవాబు చిన్నది కాబట్టి ముందు అది ముగించేస్తాను. వద్దు. 0.177 బోరు, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదని దుకాణంలో చెప్పి ఉంటారు, అది నిజమే. కానీ తుపాకీ ఇంట్లో పెట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేకపోవడం వేరు, దాంతో పిట్టను కొట్టడం వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట్లో వేట లైసెన్సులకు సెక్షన్లు ఉండేవి. 1991 సవరణతో అవి పోయాయి. ఇప్పుడు సరదాకు వేటాడటానికి మన దేశంలో చట్టబద్ధమైన దారి లేదు. కౌజు పిట్ట కూడా ఆ చట్టం జాబితాలో ఉన్నదే. పట్టుబడితే పిట్టతోపాటు ఎయిర్ గన్, మీ కారు కూడా పోతాయి. పైగా మీ బావమరిది వీసా స్టాంపింగ్‌కు వెళ్లాల్సిన మనిషి. పోలీసు కేసులో పేరు ఉంటే ఆ కౌంటర్ దగ్గర ఎంత టెన్షన్ పడతాడో ఆయన్నే ఊహించుకోమనండి.

ఇక మొదటి ప్రశ్న. దీనికి నా దగ్గర కొంచెం సరుకుంది. 1998 నుంచి 2020 దాకా శాన్ ఆంటోనియోలో ఉన్నాను. అందులో పదిహేడేళ్లు లైసెన్సు కొని వేటాడాను. ఇప్పుడు సైనిక్‌పురిలో ఉంటున్నా, నవంబర్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు రెండు వారాంతాలు అడవిలోనే గడుపుతాను. మా తాతది నర్సంపేట దగ్గర పల్లె. పాఖాల చెరువు అడవుల్లో నిజాం కాలపు పెద్దల షికార్లకు డప్పులు కొట్టి జంతువుల్ని తోలే హాకా గుంపులో కుర్రాడిగా వెళ్లాడట. ఆ కథలు వింటూ పెరిగాను కాబట్టి ఈ విషయం మీద నాకు కొంచెం చాదస్తం ఉంది, ఓపిక పట్టండి.

లెక్కలు ముందు చూద్దాం. అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ కొన్నేళ్లకోసారి జాతీయ సర్వే చేస్తుంది. అందులో పదహారేళ్లు దాటిన వేటగాళ్లు 1991లో కోటీ 41 లక్షలు, 2011లో కోటీ 37 లక్షలు, 2016లో కోటీ 15 లక్షలు. 2011, 2016 సర్వేల మధ్య ఐదేళ్లే తేడా. స్మార్ట్‌ఫోన్ అందరి జేబుల్లోకి వచ్చిందీ, వేట యాప్‌లు, వీడియో చానెళ్లు విరగబూసిందీ సరిగ్గా ఆ ఐదేళ్లలోనే. వేటగాళ్లు 20 లక్షలకు పైగా తగ్గిందీ అప్పుడే. 2022 సర్వేలో కోటీ 44 లక్షలని వచ్చింది. దాన్ని చూపించి "చూశారా, పెరిగారు" అని వాదించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ఏడాది సర్వే పద్ధతే మార్చారు, పాత అంకెలతో పోల్చొద్దని ఆ నివేదికలోనే ఉంది. 2020లో కరోనా వల్ల మాత్రం లైసెన్సులు నిజంగానే పెరిగాయి. ఆఫీసులు మూతపడ్డాయి, దుకాణాల్లో మాంసం కొరత వచ్చింది, జనానికి బయట తిరగాలనిపించింది. అది టెక్నాలజీ తెచ్చిన పెరుగుదల కాదు.

అలాగని టెక్నాలజీ వల్లే తగ్గారని కూడా నేను అనను. తగ్గడానికి పెద్ద కారణాలు పాతవే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన తరం ముసలిదైపోయింది, జనం ఊళ్లు వదిలి నగరాలకు వచ్చారు, వేటాడే స్థలం ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది. ఇంటర్నెట్ ఈ ధారను ఆపలేకపోయింది, అంతే. గేటు వెడల్పు చేసింది. లోపలికి వచ్చినవాడు నిలబడేలా మాత్రం చేయలేకపోయింది. నేను చెప్పదల్చుకున్నది ప్రధానంగా ఇదే.

గేటు ఎంత వెడల్పయిందో మీ బావమరిదిని అడగండి. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. నేను చేసినప్పుడు అది ఒక శనివారం మొత్తం, గుడి సత్రం లాంటి హాల్లో, బెంచీల మీద. పక్కన పన్నెండేళ్ల పిల్లలు, వాళ్ల తాతలు. తుపాకీ ఖాళీగా ఉన్నా గురి మనిషి వైపు పెడితే ఆ మాస్టారు బయటికి పంపేసేవాడు. ఇప్పుడు పదిహేడేళ్లు దాటితే మొత్తం ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. లైసెన్సు ఫోన్‌లోనే ఉంటుంది. టర్కీ కోడిని కొడితే ఆ సంగతి యాప్‌లోనే నమోదు చేయవచ్చు. కుటుంబంలో వేట లేనివాళ్లకు, ఆడవాళ్లకు, మనలా వేరే దేశం నుంచి వెళ్లినవాళ్లకు ఇది మంచిదే. ఒకప్పుడు తండ్రో మామో తీసుకెళ్తే తప్ప ఎవరూ రానిచ్చేవారు కాదు. ఎవరినీ అడగకుండా నేర్చుకోవచ్చంటే సిగ్గుపడేవాడికి అంతకన్నా ఏం కావాలి?

కానీ లైసెన్సుల లెక్కను వేటగాళ్ల లెక్కగా తీసుకోవద్దు. దానికి మన వాళ్లలోనే ఒక కారణం చూశాను. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. దానికున్న కొద్ది మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం. ఈ సంగతి మన వాట్సాప్ గ్రూపుల్లో పాకిపోయాక, జింకను బొమ్మల్లో తప్ప చూడనివాళ్లు కూడా లైసెన్సు కొన్నారు. తుపాకీ కొన్నారు, రేంజికి వెళ్లి నాలుగు కాల్చి ఫొటో పెట్టారు, బీరువాలో పెట్టారు. నాకు తెలిసిన అలాంటివాళ్లు అరడజను మంది ఉంటారు. వాళ్లందరూ ప్రభుత్వం లెక్కలో లైసెన్సుదారులే.

నిలబడటం దగ్గర ఏం జరుగుతుందో ఒక ఉదాహరణతో చెప్తాను. నాకు వేట నేర్పింది మా ఆఫీసులో సహోద్యోగి తండ్రి. కెర్‌విల్ దగ్గర ఆయనకు చిన్న రాంచ్, అంటే పశువులు మేపే పొలం, ఉండేది. మొదటి సీజన్ మొత్తం తుపాకీ నా చేతికి ఇవ్వలేదు. చిన్న సీసాలో పౌడర్ పెట్టుకుని చిటికెడు గాల్లోకి వదిలేవాడు. అది ఎటు పోతుందో చూసి ఏ బ్లైండ్‌లో కూర్చోవాలో చెప్పేవాడు. బ్లైండ్ అంటే మన చేలల్లో మంచె లాంటిదే, నాలుగు గోడలు, చిన్న కిటికీ. రెండో ఏడాది, 2004లో, నా మొదటి జింకను కొట్టాను. కొట్టగానే లేచి పరిగెత్తబోతే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. "వాచీ చూడు. అరగంట" అన్నాడు. దెబ్బ తిన్న జంతువు దగ్గర్లోనే పడుకుంటుందట. వెంటపడితే ఆ భయానికి లేచి మైలు దూరం పోతుందట. ఆ అరగంట నా జీవితంలో అతి పొడుగైన అరగంట. జింక ఎనభై గజాల్లో దొరికింది. పేగులు ఎలా తీయాలో, మాంసం పాడవకుండా ఎలా చల్లబరచాలో ఆ మసక చీకట్లో చేతులు పట్టి నేర్పాడు.

ఇప్పుడు 2016. మన తెలుగు కుర్రాడే, తెలివైనవాడు. నన్ను అడిగాడు కాబట్టి ఒక రాంచ్‌కు అడవి పందుల వేటకు తీసుకెళ్లాను. నాకన్నా ఎక్కువ తెలుసు. ఏ తూటా ఎన్ని గజాలకు ఎంత కిందికి దిగుతుందో ఫోన్‌లో లెక్కగట్టి చెప్పాడు. గాలి దిశ యాప్‌లో చూశాడు. రాత్రి వేడిని బట్టి జంతువును చూపించే థర్మల్ స్కోప్ తెచ్చాడు, నా మొదటి కారు కన్నా ఖరీదు. పంది కడుపులో తగిలింది. నేను ఆగమనేలోపే టార్చి వేసుకుని ఉరికాడు. తెల్లారేదాకా వెతికాం, దొరకలేదు. ముళ్లపొదల్లో ఒకచోట నెత్తురు కనబడింది, తర్వాత అదీ లేదు. వెనక్కి వచ్చేటప్పుడు కార్లో ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత ఎప్పుడూ రాలేదు. తుపాకీ అమ్మేశానని ఏడాదికి మెసేజ్ పెట్టాడు. వీడియోలో గురి, దెబ్బ, నవ్వు ముఖం ఉంటాయి. దెబ్బ తప్పిన రాత్రి ఎలా ఉంటుందో అరుదుగా చూపిస్తారు. దాన్ని పక్కన ఉన్న మనిషి మోయాలి. నేను ఆ రాత్రి సరిగ్గా మోయలేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రభుత్వ శాఖలకూ ఈ సంగతి తెలిసింది. కొత్తవాళ్లను చేర్చుకోవడం, ఉన్నవాళ్లను నిలబెట్టుకోవడం, మానేసినవాళ్లను తిరిగి తేవడం అనే మూడింటికీ కలిపి ఆర్ 3 అని పేరుపెట్టి కార్యక్రమాలు నడుపుతున్నారు. వాళ్లకెందుకు అంత తాపత్రయం అంటే, డబ్బు. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళ్తుంది. దానికి తోడు లైసెన్సు ఫీజులు. వేటగాడు తగ్గితే జింకను లెక్కపెట్టే ఉద్యోగి జీతం తగ్గుతుంది. మన అటవీ శాఖతో పోల్చి చూస్తే అర్థం కాని వ్యవస్థ ఇది.

టెక్నాలజీలో నిజంగా ఆట మార్చింది ఏదంటే, కెమెరాలూ స్కోపులూ కాదు, మ్యాప్. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన ధరణి, భూభారతి భూరికార్డుల బాధలు పడ్డవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది.

పశ్చిమ అమెరికాలో కోట్ల ఎకరాల ప్రభుత్వ భూమి ఉంది, ఎవరైనా వేటాడవచ్చు. చిక్కేమిటంటే, పందొమ్మిదో శతాబ్దంలో రైలు మార్గం వేయించడానికి ఒక చదరపు మైలు రైలు కంపెనీకి, పక్కది ప్రభుత్వానికి, మళ్లీ ఒకటి కంపెనీకి, ఇలా చదరంగం బల్ల గడుల్లా పంచారు. కంపెనీ గడులు తర్వాత రాంచ్‌ల చేతికి వెళ్లాయి. నల్ల గడిలోంచి నల్ల గడిలోకి వెళ్లాలంటే మూల దగ్గర అడుగు వేయాలి. పాత రోజుల్లో ఆ మూల ఎక్కడుందో ఎవరికి తెలుసు? కాగితం మ్యాపు, దిక్సూచి, అనుమానం. రాంచ్‌వాడు ఇటు రాకూడదంటే వెనక్కి తిరిగేవాళ్లు. 2009లో మొంటానాలో మొదలైన ఆన్‌ఎక్స్ అనే కంపెనీ భూమి హద్దులు, యజమాని పేరుతో సహా జీపీఎస్‌లోకి, తర్వాత ఫోన్‌లోకి తెచ్చింది. నువ్వు నిలబడ్డ చోటు నీలి చుక్క, పక్కన గెట్టు గీత. 2018లో ఆ కంపెనీ, మరో సంరక్షణ సంస్థ కలిసి లెక్క తీస్తే, చుట్టూ ప్రైవేటు భూమి ఉండి దారి లేకుండా ఇరుక్కుపోయిన ఫెడరల్ భూమి పశ్చిమ రాష్ట్రాల్లో 95 లక్షల ఎకరాలు ఉందని తేలింది.

2021లో మిస్సోరీ నుంచి వెళ్లిన నలుగురు వేటగాళ్లు వ్యోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర ఆ మూల మీద ఇనుప నిచ్చెన వేసి, ప్రైవేటు నేల మీద కాలు పెట్టకుండా, ప్రభుత్వ గడిలోంచి ప్రభుత్వ గడిలోకి దాటారు. రాంచ్ యజమాని నేల ఒక్కటే కాదు, నేల పైనున్న గాలి కూడా నాదేనని లక్షల డాలర్ల దావా వేశాడు. క్రిమినల్ కేసులో 2022లో జ్యూరీ వాళ్లను నిర్దోషులంది. సివిల్ కేసులో 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు వేటగాళ్ల వైపే తీర్పు ఇచ్చింది. అక్టోబర్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. మన దగ్గర గెట్టు తగాదాలు తరతరాలు నడుస్తాయి. అక్కడ ఫోన్‌లో ఒక గీత కనబడటం వల్ల దశాబ్దాలుగా నడిచిన భయం నాలుగేళ్లలో కోర్టులో తేలిపోయింది. చదువుకున్న మామూలు వేటగాడికి యాప్ ఇచ్చిన అసలు బలం ఇది. నేను ఈ ఒక్క విషయంలో యాప్‌ల పక్షమే.

అదే మ్యాప్‌తో మరో పక్క తలనొప్పి. అందరికీ ఒకే మ్యాపు కనబడుతుంది, అందరూ ఒకే సెలయేటి మలుపు మీద వేలు పెడతారు. గతంలో మూడు సీజన్లు నడిచి కనిపెట్టిన చోటు ఒక వీడియోలో కొండ ఆకారం గుర్తుపట్టిన వందమందికి తెలిసిపోతుంది. నా పాత స్నేహితులు కొందరు ఇప్పుడు ఫొటో తీస్తే వెనకాల కొండ కనబడకుండా తీస్తున్నారు. ఇది నాకు ఎంత విచిత్రంగా అనిపిస్తుందంటే, వంట రహస్యం చెప్పని అత్తయ్యల్లా తయారయ్యారు వీళ్లు.

లాటరీల సంగతీ అంతే. పెద్ద కొమ్ముల దుప్పులకు, కొండ గొర్రెలకు చాలా రాష్ట్రాల్లో లాటరీ ద్వారా అనుమతి ఇస్తారు. కొలరాడోలో దరఖాస్తుతోపాటే మొత్తం ఫీజు ముందే కట్టాల్సి వచ్చేది. 2018లో ఆ నిబంధన తీసేసి ఆన్‌లైన్‌లో చిన్న రుసుముతో దరఖాస్తు చేసుకోమన్నారు. దరఖాస్తులు ఒక్కసారిగా పొంగాయి. సీట్లు మాత్రం అవే. అంటే ప్రయత్నించేవాళ్లు పెరిగారు, వేటాడగలిగేవాళ్లు కాదు. తిరుమల మూడు వందల రూపాయల టికెట్ల కోసం నెట్ సెంటర్‌లో కూర్చున్నవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు.

పరికరాల గురించి ఎక్కువ చెప్పను. ఒక హద్దు దాటితే వేటగాళ్లే వద్దంటారు, అది మాత్రం గమనించండి. 2005 ప్రాంతంలో మా శాన్ ఆంటోనియో దగ్గరే ఒకాయన రాంచ్‌లో తుపాకీకి మోటారు, కెమెరా బిగించి, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ నొక్కి జంతువును కాల్చే వెబ్‌సైట్ పెట్టాడు. టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. జంతు ప్రేమికులూ వేటగాళ్ల సంఘాలూ ఒకే పక్కన నిలబడటం నేను అప్పుడే చూశాను. జంతువు వచ్చినప్పుడల్లా ఫొటో తీసే ట్రెయిల్ కెమెరాలను వేట కోసం వాడకూడదని అరిజోనా 2022 జనవరి నుంచి నిషేధించింది. ఎడారిలో నీటి గుంట ఒక్కటే ఉంటుంది, దాని చుట్టూ ఇరవై కెమెరాలు పెడితే జింకకు మిగిలేదేముంది?

మీ బావమరిది ఉన్న టెక్సస్‌లో నేలలో దాదాపు 95 శాతం ప్రైవేటుదే. అక్కడ వేట ఇప్పుడు హోటల్ బుకింగ్ లాంటిదైపోయింది. వారాంతం పందుల వేట, థర్మల్ స్కోప్ అద్దెకు, భోజనం వాళ్లదే, హెలికాప్టర్ కావాలంటే అదీ ఉంది. 2011 నుంచి హెలికాప్టర్ మీంచి అడవి పందుల్ని కాల్చడానికి డబ్బు కట్టినవాళ్లను అనుమతించారు. పంటలు నాశనం చేస్తున్నాయి కాబట్టి వాళ్ల బాధ వాళ్లది, దాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ వారాంతం అయ్యాక మళ్లీ వేటకు వెళ్లేవాళ్లు నాకు పెద్దగా కనబడలేదు.

ఆ బుకింగ్ సైట్లలో ఒకటి చూస్తుంటే ఒకసారి గుండె కలుక్కుమంది. కృష్ణజింక, కొమ్ము పొడుగును బట్టి ధర. వనస్థలిపురం హరిణ వనస్థలిలో మా పిల్లలకు చూపించిన అదే జింక. 1930ల ప్రాంతంలో టెక్సస్ రాంచ్‌ల వాళ్లు మన దేశపు కృష్ణజింకను, చుక్కల జింకను, నీల్‌గాయ్‌ని తెచ్చి వదిలారు. అక్కడ వాటికి సీజన్ కూడా లేదు, ఏడాది పొడుగునా కొట్టవచ్చు. ఇక్కడ చుక్కల జింక తెలంగాణ రాష్ట్ర జంతువు. హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట మైదానం. 1975లో జింకల పార్కు అయ్యింది, తర్వాత జాతీయ పార్కు. ఒకే జంతువుకు రెండు దేశాల్లో రెండు జాతకాలు. నేను టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింకను కొట్టాను గానీ కృష్ణజింకను కొట్టడానికి చేయి రాలేదు. తర్కం లేదు దీంట్లో, ఒప్పుకుంటాను.

ఆన్‌లైన్ వల్ల మానేసినవాళ్లు కూడా ఉన్నారు. 2015 జూలైలో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని మిన్నెసోటా పళ్ల డాక్టరు ఒకాయన బాణంతో చంపాడు. దాని మెడకు ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుల జీపీఎస్ పట్టీ ఉంది. ఆ నెలాఖరుకల్లా ప్రపంచమంతా ఆయన పేరు మార్మోగింది, కొన్నాళ్లు క్లినిక్ మూసేశాడు. విమాన కంపెనీలు వేట తలల్ని మొయ్యబోమన్నాయి. ఆ తర్వాత నా సహోద్యోగుల్లో చాలామంది ఫేస్‌బుక్ నుంచి వేట ఫొటోలు తీసేశారు. ఒకరిద్దరు భార్యాపిల్లల మాట విని మానేశారు కూడా. అటు నుంచి ఆన్‌లైన్‌లో వేటగాళ్లు వేటగాళ్లనే తిట్టుకోవడం ఒకటి. విల్లు గొప్పదా, తుపాకీ గొప్పదా, మొక్కజొన్న చల్లి కొట్టడం వేటేనా? ప్రతివాడూ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. కొత్తగా వచ్చినవాడు ఆ గొడవ చూసి భయపడి వెళ్లిపోతాడు.

ఇక మన హైదరాబాద్. షికారు అనే మాట గమనించారా? అసలు అర్థం వేట. మన తెలుగులో ఎప్పుడో తుపాకీ వదిలేసి సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద తిరగడానికి మారిపోయింది. ఇప్పుడు ఆ షికారు కెమెరాతో నడుస్తోంది. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశమని గుర్తింపు వచ్చింది. అక్కడ అరుదైన పిట్ట వాలిందని వాట్సాప్‌లో పడితే ఆదివారం పొద్దున గట్టు మీద లెన్సులు బారులు తీరతాయి. కొండ ఆకారం దాచిన నా టెక్సస్ స్నేహితుల బాధే ఇక్కడి పాత పక్షి ప్రేమికులదీ. కొన్ని అరుదైన జాతులు కనబడిన చోటును పక్షులు చూసినవాళ్లు వివరాలు నమోదుచేసే ఈబర్డ్ వెబ్‌సైట్ బయటికి చూపించకుండా దాచేస్తుంది, మంచి పనే.

దొంగ వేట కూడా ఆన్‌లైన్ అయ్యింది. 2013లో మధ్యప్రదేశ్‌లో పన్నా–211 అనే పులి మెడపట్టీ సమాచారం వచ్చే ఈమెయిల్‌లోకి పుణె నుంచి ఎవరో దూరడానికి ప్రయత్నించారు. 2024 ఆగస్టులో రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒకతను నెమలి కూర వండటం ఎలా అని యూట్యూబ్‌లో పెట్టాడు. ఫారెస్ట్‌వాళ్లు ఇంటికొచ్చి అరెస్టు చేశారు. లైకుల కోసం తన మీద తానే సాక్ష్యం అప్‌లోడ్ చేసుకున్నాడు. నెమలి వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది, అలాంటి వాటిని చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. కోడి కూరే అని బుకాయించే దారి కూడా లేదు. ఏ మాంసం ముక్క ఏ జంతువుదో డీఎన్‌ఏతో తేల్చే పద్ధతిని శాస్త్రవేత్త లాల్జీ సింగ్ కాలంలో మన హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీవాళ్లే తయారుచేశారు. అత్తాపూర్‌లోని వాళ్ల వన్యప్రాణి ల్యాబ్ లాకోన్స్‌కు దేశం నలుమూలల నుంచి ఇలాంటి ముక్కలు వస్తాయి. మన ఊళ్లలో ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టేవాళ్లకు యాప్‌లు అక్కర్లేదు, ఆ దరిద్రం వేరే.

అంత టెక్నాలజీ ఉన్నా పులి ముందు మనిషి ఎంతో చూడాలంటే 2018లో మహారాష్ట్ర యవత్మాల్‌లో మనుషుల్ని చంపిందని వెతికిన అవని అనే ఆడపులి కథ గుర్తుచేసుకోండి. కెమెరా ట్రాప్‌లు, థర్మల్ డ్రోన్లు, పారాగ్లైడర్, చివరికి వాసనకు వస్తుందని సెంటు కూడా వాడారు. నెలల తరబడి దొరకలేదు. నవంబర్ 2 రాత్రి జీపులో వెళ్తున్న బృందానికి ఎదురుపడినప్పుడు హైదరాబాద్ నుంచి వెళ్లిన షూటర్ తూటాకు పడిపోయింది. ఆ కాల్పులు సరైనవా కాదా అన్న గొడవ తర్వాత కోర్టుల దాకా వెళ్లింది.

కాబట్టి మీ బావమరిదికి ఇలా చెప్పండి. సంక్రాంతికి వచ్చినప్పుడు గురి చూసే సరదా ఉంటే గచ్చిబౌలి వైపు షూటింగ్ రేంజి ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిపెట్టింది పది మీటర్ల ఎయిర్ రైఫిలే, అదీ 0.177 బోరే. మీ ఎయిర్ గన్‌కు అంతకన్నా గౌరవమైన పని ఏముంది? జింక చూడాలంటే పొద్దున్నే హరిణ వనస్థలికి తీసుకెళ్లండి. డల్లాస్‌లో వేటాడాలంటే రెండు సీజన్లు ఎవరైనా పెద్దాయన వెనకాల తుపాకీ లేకుండా తిరగమనండి. పెద్దాయన దొరకడం కష్టమే, యాప్‌లో దొరకడు. ఊరి శివార్లలో తూటాలు అమ్మే దుకాణం కౌంటర్ దగ్గర పనిలేకుండా కూర్చునేవాళ్లను పలకరిస్తే దొరుకుతాడు, నాకు తెలిసిన దారి అదే.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది తప్పకుండా చెప్పండి. టెక్సస్ వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే పందుల వేటకు 2019 సెప్టెంబర్ నుంచి రాష్ట్రం లైసెన్సు అడగడం లేదు కాబట్టి చాలామంది కొత్తది కొనడం మర్చిపోతున్నారు. అమెరికా పౌరుడికి అది చెల్లుతుంది. హెచ్1బీ మీద ఉన్నవాడికి మాత్రం తుపాకీ దగ్గర పెట్టుకునే మినహాయింపు ఆ లైసెన్సు మీదే ఆధారపడి ఉంది. సెప్టెంబర్ 1 పొద్దున కొత్త లైసెన్సు లేకుండా బీరువాలో తుపాకీ ఉంటే అది ఫెడరల్ నేరం కిందికి వస్తుంది. క్యాలెండర్‌లో ఆగస్టు మూడో వారానికి రిమైండర్ పెట్టుకోమనండి, ఏమైనా అనుమానం ఉంటే వీసా లాయరును అడగమనండి, యూట్యూబ్‌ను కాదు.